గట్టు వింటుంది, జాగ్రత్త

మనిషి ఆలోచనలకు మట్టీ నీళ్ళూ లోబడతాయా లేదా అన్న విషయం మీద ప్రపంచంలో ఇంకా తర్జనభర్జనలు జరుగుతున్నాయట. మా ఆఫీసులో మాత్రం అది కిందటేడు జూన్‌లోనే తేలిపోయింది. తేలడమే కాదు, సర్క్యులరు కూడా వచ్చింది. సర్క్యులరు వచ్చాక ఇంక సందేహం ఎవరికుంటుంది?

నా పేరు భ్రమరాంబ. లంకలపూడి గట్ల డివిజన్‌లో సీనియర్ అసిస్టెంటుని. గోదారి ఎడమగట్టు ముప్పై రెండు కిలోమీటర్లు మా కింద ఉంది. గట్టుకి అవతల గోదారి, ఇవతల పదకొండు ఊళ్ళు, వాటి చేలూ కొబ్బరితోటలూ, చివర్న మా ఆఫీసు. గట్టు బాగున్నంత కాలం మేమున్నామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అది తెగిందంటే మా తాతల పేర్లు కూడా గుర్తొస్తాయి జనానికి.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఇ.ఇ., కోదండపాణి గారు ఆ జూన్‌లో రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్ళారు. శిక్షణ పేరు 'సంకల్పబలం - సుపరిపాలన'. మూడు రోజులూ కళ్ళు మూసుకుని కూర్చున్నారట. నాలుగో రోజు కళ్ళు తెరుచుకుని వచ్చేశారు. మూసుకునే ఉంటే పోయేదని నాకు తర్వాత అనిపించింది.

"భ్రమరాంబగారూ, పదార్థం అనేది లేదు. ఉన్నదంతా ప్రకంపనే. మన పెద్దలు ఏమన్నారు? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అది సామెత కాదండీ, క్వాంటం సిద్ధాంతం" అన్నారు కుర్చీలో కూర్చోకుండానే.

రుజువు కోసం బల్ల మీద రెండు గాజుగ్లాసుల్లో నీళ్ళు పెట్టించారు. ఒకదానికి 'అమృతం' అని చీటీ, రెండోదానికి 'దరిద్రం' అని చీటీ. మొదటి గ్లాసుకి సిబ్బంది రోజూ వరసలో వచ్చి నమస్కారం పెట్టాలి. రెండోదాన్ని తిట్టాలి. తిట్టే బాధ్యత నాకు అప్పగించారు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మూడో రోజుకి నేను తిట్టిన గ్లాసులో దోమపిల్లలు ఈత కొడుతున్నాయి. పొగిడిన గ్లాసులో అసలు నీళ్ళే లేవు. ఎండకి తట్టుకోలేక జీపు డ్రైవరు వెంకట్రాముడు గటగటా తాగేశాడు. ఆ సంగతి ఇ.ఇ. గారికి తప్ప ఆఫీసు మొత్తానికి తెలుసు.

"చూశారా! పొగడ్తకి పదార్థం పూర్తిగా శక్తి కింద మారిపోయింది!" అన్నారాయన.

"నిజమేనండి, శక్తి వచ్చిందండి" అన్నాడు వెంకట్రాముడు మూతి తుడుచుకుంటూ. ఇ.ఇ. గారు ఏమన్నా 'నిజమేనండి' అనడం అతని అలవాటు. ఆ అలవాటుతోనే పందొమ్మిదేళ్ళు ఒక్క బదిలీ లేకుండా నెట్టుకొచ్చాడు.

మర్నాడు సర్క్యులరు. టైపు చేసింది నేనే.

మన ఇళ్ళల్లో సంధ్యవేళ ఎవరైనా 'చచ్చాంరా బాబూ' అంటే నాయనమ్మలు కసిరేవారు, తథాస్తు దేవతలు తిరిగే వేళ, ఏమంటే దానికి తథాస్తు అనేసి పోతారని. ఆ దేవతలకి మా డివిజన్ పనివేళలు నిర్ణయించింది. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరూ ముప్పావు వరకు, ఆదివారాలూ రెండో శనివారాలూ మినహా. ఆ వేళలో ఆఫీసులో గాని, గట్టు మీద గాని అశుభం పలకరాదు, రాయరాదు, తలచరాదు. వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీతో పాటు గంటా నిమిషమూ ముద్ర వెయ్యాలి, ఏ దేవత కంట పడిందో తెలియడానికి.

కొన్ని మాటలు రోజంతా నిషిద్ధం. గట్టుకి ఊట వస్తే ఊట అనకూడదు, 'గట్టు ఆనందబాష్పం' అనాలి. పందికొక్కు బొరియ కనిపిస్తే 'జీవవసతి' అని రాయాలి. ప్రమాద హెచ్చరికని 'నదీ శుభవార్త' అనాలి. గండి అన్న మాటకి మాత్రం బదులు మాట ఇవ్వలేదు. ఆ వస్తువే ఉండదు కనక పేరు అక్కర్లేదని వివరణ. ఇవి కాక, రోజూ పదిన్నరకి సిబ్బంది అరవై ఎనిమిది మందీ గట్టువైపు తిరిగి చేతులు కట్టుకుని 'గట్టు గట్టిదే' అని ఇరవయ్యొక్కసార్లు అనాలి. నేను కూడా అన్నాను. జీతం తీసుకుంటున్నప్పుడు ఇంతకంటే పనికిమాలినవి చాలా అన్నాం.

ఇంతవరకూ నవ్వులాటగానే ఉంది. జూన్ చివర్లో వరద సామాను ఫైలు పెట్టాను. ఏటా వరదలకి ముందు ఖాళీ గోతాలు, ఇసుక, సరుగుడు బాదులు తెప్పించి గట్టు పొడుగునా పెట్టుకోవడం మా తాతల నాటి పద్ధతి. ఇ.ఇ. గారు ఫైలు చూసి పాముని చూసినట్టు వెనక్కి జరిగారు.

"ఏమిటండీ ఇది! ఇంట్లో మనిషి నవ్వుతూ తిరుగుతుంటే పెరట్లో పాడె కట్టి ఉంచుతామా? ఈ బస్తాలు చూసి గట్టు ఏమనుకుంటుంది? నా మీద వీళ్ళకి నమ్మకం లేదనుకోదూ?"

గట్టు ఏమనుకుంటుందో ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆయన ఫైలు మీద 'గట్టు మనోధైర్యము దృష్ట్యా తిరస్కరించడమైనది' అని రాసి పక్కన పడేశారు.

జూలై పద్దెనిమిదిన నూకరాజు వచ్చాడు.

నూకరాజు మా లస్కరు. లస్కరంటే గట్టు కాపరి. రోజూ తన వంతు ఎనిమిది కిలోమీటర్లు నడిచి, ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ నీరు ఊరుతోందో చూసి పుస్తకంలో రాయాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా నడుస్తున్నాడు. పద్నాలుగో కిలోమీటరు రాయికి నలభై బారల దూరంలోనే అతని ఇల్లు, పెళ్ళాం వీరవేణి, రెండు గేదెలు. గట్టుకి ఏమైనా ముందు పోయేది అతని కొంపే.

"మేడంగారండీ, పద్నాలుగో రాయి కాడ ఊట వస్తందండి. నీళ్ళు తేటగా వస్తే బెంగలేదండి. బురదగా వస్తన్నాయి. అంటే కడుపులో మట్టి తవ్వి పట్టుకొచ్చేత్తందన్నమాట. పందికొక్కులు తోడేసినయ్యండి. బస్తాలు కట్టకపోతే మొదటి వరదకే గండి పడిపోద్దండి" అన్నాడు. అదే మాట కాగితం మీద కూడా రాసి తెచ్చాడు, తన వంకర అక్షరాలతో.

నేను అలవాటుగా కాగితం తీసుకుని ముద్ర కొట్టాను. కొట్టాక గడియారం చూశాను. ఆరూ పది. ముందు చూసి ఉంటే మర్నాడు పొద్దున్న కొట్టేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండో రోజుకల్లా అభియోగ పత్రం తయారైంది. "లస్కరు శ్రీ నూకరాజు, తథాస్తు కాలమున, అనగా సాయంత్రం 6 గంటల 10 నిమిషములకు, నిషిద్ధ పదమును ఉద్దేశపూర్వకముగా లిఖించి, గట్టు మనోధైర్యమునకు భంగము కలిగించినాడు. గట్టు తెగినచో తన ఆలోచనచే తెంపినవాడు అగును. తెగనిచో అసత్య నివేదిక ఇచ్చినవాడు అగును. ఏ విధముగా చూచినను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను."

విచారణ పూర్తయ్యేదాకా గట్టుకి రెండు కిలోమీటర్ల లోపల అతను కనపడకూడదని ఇంకో ఉత్తర్వు. ఇల్లే గట్టు కింద ఉంది కదండీ అని నేను గుర్తు చేస్తే, దయతలచి సవరణ ఇచ్చారు: "సదరు ఉద్యోగి స్వగృహమున గట్టునకు వీపు పెట్టి నివసించవలెను."

పది రోజుల తర్వాత వరండాలో కనిపించాడు. మనిషి సగమైపోయాడు.

"ఎలా ఉన్నావు నూకరాజూ?"

"గోడకేసి తిరిగి ఉన్నానండి. మా ఆవిడ అటు తిరిగి వడ్డిత్తంది, నేను ఇటు తిరిగి తింటన్నాను. రాత్రి పక్క మీద ఇటు నించి అటు దొర్లితే అదే తట్టి లేపుతంది, ఉజ్జోగం పోద్దయ్యా తిరుగు అని. అదలా ఉంచండి మేడంగారూ. ఊట పెరిగిపోయిందంట. బస్తాలు ఏయించండమ్మా, మీకు దణ్ణం పెడతాను. నా ఉజ్జోగం తర్వాత చూసుకుందురు గాని."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే ఆఫీసులో సగం జీవితం గడిపాను. ఎద్దు ఈనలేదని వాదించి నెగ్గినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. దూడని ఎక్కడ కట్టాలో చెప్పినవాళ్ళే నెగ్గారు.

జూలై ముప్పైన ఎగువన వానలు దంచేశాయి. మొదటి నదీ శుభవార్త వచ్చింది. ఇ.ఇ. గారు స్వయంగా పద్నాలుగో రాయి దగ్గరకి వెళ్ళి చూసి, నీరసంగా తిరిగొచ్చారు.

"ఆనందబాష్పాలు ధారగా కారుతున్నాయి. వాడు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు! రేపు పదకొండింటికి విచారణ పెట్టండి" అన్నారు.

ఆ సాయంత్రమే నూకరాజుకి కబురు పెట్టి పిలిపించాను. "నేరం ఒప్పేసుకో" అన్నాను.

వాడు దెబ్బతిన్నట్టు చూశాడు. "నేను గట్టుకి చెడు కోరతానాండి? ఇరవై ఎనిమిదేళ్ళు దాని మీద చెప్పులేసుకుని కూడా నడవలేదండి."

"తెలుసు. అయినా ఒప్పుకో. ఒప్పుకున్నాక ఇలా చెప్పు" అని చెవిలో చెప్పాను. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను.

మర్నాడు విచారణ గది కిటకిటలాడింది. ఇ.ఇ. గారు గొంతు సవరించుకున్నారు. "నీ ఆలోచన వల్లనే గట్టుకి ఈ పరిస్థితి దాపురించిందని అంగీకరిస్తున్నావా?"

"అంగీకరిత్తన్నానండి. నేను రాసిన కాణ్ణించే ఊట రెట్టింపయిపోయిందండి."

ఇ.ఇ. గారి ముఖం వెలిగిపోయింది. "రికార్డు చెయ్యండి భ్రమరాంబగారూ!"

చేశాను.

"మరైతే నాదొక చిన్న మాటండి. రోజూ అరవై ఎనిమిది మంది ఇరవయ్యొక్కసార్లు గట్టు గట్టిదే అంటన్నారు కదండి. తవరు కూడా అంటన్నారు. అయినా గట్టు నా మాటే ఇందండి. అంటే..." ఇక్కడ వాడు పాఠం మర్చిపోయి నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. "అంటే, తవరందరి బుర్రలూ ఒక ఎత్తు, నా బుర్ర ఒక్కటీ ఒక ఎత్తు అన్నమాటండి."

నేను కళ్ళద్దాలు సర్దుకుని, లెక్క వేసి పెట్టుకున్న కాగితం తీశాను. "నలభై పనిదినాల్లో మనం పలికిన శుభవాక్యాలు యాభై ఏడు వేల నూట ఇరవై సార్. ఇతను రాసింది ఒక్కటి."

ఇ.ఇ. గారు కుర్చీలో నెమ్మదిగా ముందుకి వంగి, నూకరాజు నుదుటి వంక చూశారు, జంతుప్రదర్శనశాలలో పులిని చూసినట్టు.

"ఇంతటి మెదడు మన డివిజన్‌లో ఉందా!" అన్నారు. తర్వాత వణికారు. "ఇతన్ని తొలగిస్తే బయట కూర్చుని మన గురించి ఇంకేం ఆలోచిస్తాడో!"

"నిజమేనండి" అన్నాడు గుమ్మం దగ్గర వెంకట్రాముడు.

"నూకరాజూ, నువ్వు తక్షణం గట్టు గురించి మంచిగా ఆలోచించు. ఇది ఉత్తర్వు."

నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. కళ్ళు తెరిచాడు. "రావట్లేదండి."

"ఎందుకు రాదు? ప్రయత్నించు!"

"కళ్ళు మూసుకుంటే బురద కనపడతందండి. ఎదురుగుండా ఎనిమిదొందల ఇసక బస్తాలు, రెండొందల సరుగుడు బాదులు, నలభై మంది మనుషులు కనపడితే బుర్ర కుదురుకుంటాదేమోనండి."

ఈ ముక్క నేను నేర్పింది కాదు. నేను బస్తాలనే చెప్పాను. అంకెలు వాడివే. ఇరవై ఎనిమిదేళ్ళ నడకలోంచి వచ్చిన అంకెలు.

మామూలుగా మా డివిజన్‌లో బస్తాలు మంజూరు కావాలంటే మూడు నెలలు పడుతుంది. ఆ రోజు గంటన్నరలో అయింది. ఉత్తర్వు ఇలా ఉంది: "శ్రీ నూకరాజు మనస్సును సానుకూలపరచు నిమిత్తము సంకల్ప సహాయక సామగ్రి సమకూర్చడమైనది." ఏ పేరైతేనేం, ఇసక ఇసకే.

మధ్యాహ్నానికి బస్తాలు గట్టు దగ్గర దిగాయి. రెండో శుభవార్త కూడా వచ్చింది. నూకరాజు లుంగీ ఎగ్గట్టి ఊట చుట్టూ బావి ఒరలాగా గుండ్రంగా బస్తాలు పేర్పించడం మొదలుపెట్టాడు. ఒరలో నీళ్ళు నిలిస్తే ఆ బరువుకే ఊట నెమ్మదిస్తుందని అతని లెక్క. నేను కూడా వెళ్ళాను. ఫైలు కదిలింది, ఇంక ఆఫీసులో ఎలా కూర్చోను?

"వరద అటు వస్తుంటే బస్తాలు ఇటు వేస్తావేమయ్యా? అటు వెయ్యి" అన్నారు ఇ.ఇ. గారు.

"అటేపు గోదారి ఉందండి" అన్నాడు నూకరాజు వినయంగా.

సాయంత్రానికి గోదారి గట్టు అంచుకి మూరెడు కిందిదాకా ఎక్కేసింది. ఎర్రటి నీళ్ళు, కొట్టుకొచ్చే చెట్లు, గడ్డివాములు. వీరవేణి గేదెల్ని విప్పి రోడ్డెక్కించింది. ఇ.ఇ. గారు గట్టు మీద శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని, చేతులు చాచి నిలబడ్డారు. సంకల్పం ప్రసరింపజేస్తున్నారని వెంకట్రాముడు చెప్పాడు. ఒకరిద్దరు కూలీలు ఆయన చాచిన చేతులకి గోతాలు తగిలించబోతే నేనే వారించాను.

సరిగ్గా ఆరూ పన్నెండుకి ఒరలో అడుగు బస్తా ఒకటి పిగిలి, బురద బుస్సుమని ఎగజిమ్మింది. ఇ.ఇ. గారి శాలువా తడిసింది. ఆయన కళ్ళు తెరిచి, చూసి, గోదారి హోరు కూడా వినపడనంత గట్టిగా కేక పెట్టారు.

"అమ్మో! పోయింది! గట్టు పోయింది! గండి పడిపోయిందిరోయ్!"

"నిజమేనండి!" అన్నాడు వెంకట్రాముడు.

నలభై మందీ బస్తాలు భుజాన పెట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. తథాస్తు వేళ. నిషిద్ధ పదం. అది కూడా డివిజన్‌లో అందరికంటే పెద్ద నోటితో. నాస్తికురాలినని చెప్పుకునే నేను కూడా ఒక్క క్షణం ఆకాశం వైపు చూశాను.

"చూత్తారేంట్రా, బస్తా ఇటు పడెయ్యండి! ఇంకోటి! దాని మీద ఇంకోటి!" అని అరిచాడు నూకరాజు, నడుముల్లోతు బురదలోంచి.

పడేశారు. బురద ఆగింది. గట్టు ఇ.ఇ. గారి మాట వినలేదు. తెల్లారేసరికి ఒరలో నీళ్ళు తేటపడ్డాయి. రెండు రోజుల్లో గోదారి తగ్గింది. నూకరాజు ఒరలోంచి దోసెడు నీళ్ళు తీసి నాకు చూపించాడు. "తేటగా ఉన్నాయండి" అన్నాడు. అంతకంటే మంచి మాట ఆ ఏడాదంతా నేను వినలేదు.

ఇంక మిగిలింది అభియోగం. గట్టు తెగలేదు కనక అసత్య నివేదిక నేరం ఇంకా బతికే ఉంది. మూడు రోజులు కూర్చుని నోటు రాశాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా మరోటి రాయలేదు. చివరి పేరా ఇది:

"గౌరవ ఇ.ఇ. గారు తేది 31న సాయంత్రం 6 గంటల 12 నిమిషములకు, నలభై రెండు మంది సాక్షుల సమక్షమున, నిషిద్ధ పదమును ఉచ్చైస్స్వరమున పలికియున్నారు. గట్టు తెగలేదు. కావున రెండే నిర్ధారణలు సాధ్యము. (అ) ఆలోచనలకు గట్టుపై ప్రభావము లేదు. అట్లయినచో నూకరాజుపై అభియోగము నిలువదు. సర్క్యులరు రద్దు చేయవలెను. (ఆ) ప్రభావము కలదు, గాని ఇ.ఇ. గారి ఆలోచనకు మాత్రము లేదు. అట్లయినచో గట్టును నిలిపినది నూకరాజు ఆలోచనయే, అభియోగము నిలువదు. తగు ఉత్తర్వులకై సమర్పించడమైనది."

ఫైలు ఆయన బల్ల మీద రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదని వెంకట్రాముడు చెప్పాడు. అప్పటికే రాజధాని నుంచి పిలుపొచ్చింది, సంకల్పబలంతో గట్టు కాపాడిన విధానం మీద ప్రసంగించమని. (అ) అంటే ప్రసంగం పోతుంది. (ఆ) అంటే పరువు పోతుంది.

మూడో రోజు ఫైలు తిరిగొచ్చింది. ఆయన (ఆ) పక్కన టిక్కు పెట్టి, తన బుర్రకి ఎలాంటి ప్రభావమూ లేదని ఆకుపచ్చ సిరాతో నిండుగా సంతకం చేసి, కింద తేదీ కూడా వేశారు. ప్రసంగం బ్రహ్మాండంగా సాగిందని పేపర్లో చదివాను.

నూకరాజుని పిలిచి చెప్పాను, కేసు కొట్టేశారని.

"అంటే గట్టు మీదకి ఎల్లొచ్చాండి?"

"వెళ్ళొచ్చు."

తువ్వాలుతో మొహం తుడుచుకుని, కాగితం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. నేనే కిటికీలోంచి కేకేసి వెనక్కి పిలిచి ఇచ్చాను. మా ఆఫీసులో మాట నమ్ముకున్నవాడు బాగుపడ్డట్టు దాఖలా లేదు.

ఈ ఏడు జూన్ వచ్చింది. వరద సామాను ఫైలు మళ్ళీ తిరస్కరించారు, గట్టు మనోధైర్యము దృష్ట్యానే. ఆ మధ్యాహ్నం నూకరాజు వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడంగారండీ, పంతొమ్మిదో రాయి కాడ మనసు బాగోలేదండి."

"ఎంత బాగోలేదు?"

"ఆరొందల బస్తాలంత బాగోలేదండి. బాదులు నూటయాభై."

రాసి లోపలికి పంపాను. ఇ.ఇ. గారు చదవకుండానే సంతకం పెట్టారు.